పసులకాపరి మాట

తిట్లు రెండు విధములు. పలుకువానికిని పడువానికిని తిట్టని తెలిసియే వెలువడునవి కొన్ని. పలుకువాడు హితోపదేశమనుకొని పలుకునవి కొన్ని. మొదటివానికంటె ఈ రెండవ జాతివియే హెచ్చు హానికరములు. ఏలన, మొదటివానిని పలికినవాడు ఎప్పుడో యొకప్పుడు పశ్చాత్తాపపడును. రెండవవానిని పలికినవాడు ఇంటికి పోయి, భోజనము చేసి, సుఖముగా నిద్రించును. మా యుపాధ్యాయవృత్తియందు ఈ రెండవ జాతికి కొదువ లేదు. వానిలో మిక్కిలి వాడుకలో నున్నది యొకటి కలదు: "నీకు చదువెందుకురా? పోయి పసులు కాచుకో!" మేము బాలురమై యుండగా మా గురువులు మమ్ము ఈ మాట యనిరి. మేము గురువులమైన పిదప ఇరువదియేండ్లుగా మా శిష్యులను అనుచు వచ్చితిమి. ఒకానొక దినమున ఈ మాట వలన మాకు కలిగిన గర్వభంగమును, దాని మూలమున మేము నేర్చుకొన్న యొక యాంగ్లపదము పుట్టుపూర్వోత్తరములను చదువరులకు నివేదింపదలచితిమి.

మేము పనిచేయు పాఠశాల రాయలసీమలో మెట్టభూముల నడుమ నున్నది. ఎనిమిదవ తరగతి పిల్లలకు ఆనాడు ఒక యాంగ్ల గద్యభాగమును చెప్పుచుంటిమి. అందు 'బ్యూకాలిక్' అను విశేషణము తగిలినది. మాకు ఇటువంటి మాటలు తగిలినప్పుడు ప్రాణము లేచి వచ్చును. పల్లెపట్టునకు సంబంధించినది, ప్రశాంతమైనది, కనులకు ఇంపైనది అని యర్థము చెప్పి, అంతటితో తృప్తి లేక, మేము కన్నులార చూచి యెరుగని ఇంగ్లండు పచ్చికబయళ్ళను, మంచుతెరలను, వాగులను, మెడగంటల సవ్వడిని అరగంట వర్ణించితిమి. ఇంత జరుగుచుండగా కడపటి వరుసలో నొక బాలుడు గోడకు తల చేర్చి నిద్రించుచుండెను.

మాకు కోపము వచ్చెను. వానిని లేపి, ఆ మాటకు అర్థమేమని యడిగితిమి. వాడు కన్నులు నులుముకొని నిలువబడెను. రెండవమారు అడిగితిమి. బదులు లేదు. అప్పుడు మా నాలుక తన పాతదారిని తాను వెదకికొన్నది. "నీకు చదువెందుకురా? పోయి పసులు కాచుకో!" అంటిమి. తరగతి యంతయు నవ్వెను. ఆ బాలుడు నవ్వలేదు, ఏడువలేదు. తల వంచుకొని, మాకు మాత్రమే వినబడునట్లు, "కాసే వచ్చినా సార్" అనెను.

వాని తండ్రి కూలిపనికై పరదేశము పోయినాడనియు, తెల్లవారుజామున లేచి పసులను తోలుకొనిపోయి, ప్రొద్దెక్కిన పిదప తాతకు అప్పగించి, వాడు బడికి వచ్చుచున్నాడనియు తరువాత ప్రక్కనున్న పిల్లలు చెప్పిరి. మరునాడు వాడు బడికి రాలేదు. ఆ మరునాడును రాలేదు. 2009లో వచ్చిన బాలల నిర్బంధ విద్యాహక్కు చట్టము పదునేడవ పరిచ్ఛేదమున బడిపిల్లలను కొట్టుటనే కాక మనసు నొప్పించి వేధించుటను గూడ నిషేధించినది. మేము బెత్తమును విడిచి చాలకాలమైనది గనుక చట్టమును సంపూర్ణముగా పాటించుచున్నామనియే అనుకొనుచుంటిమి. నాలుక యును ఒక బెత్తమేయన్న సంగతి మాకు తట్టలేదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. నిద్ర పట్టనప్పుడు నిఘంటువు విప్పుట మా యలవాటు. ఏ మాటకై ఆ బాలుని నిలువబెట్టితిమో ఆ మాటనే తీసి, దాని జన్మవృత్తాంతమును చదువ మొదలుపెట్టితిమి. 'బ్యూకాలిక్' అనునది ఆంగ్లమున పదునారవ శతాబ్దమునాటి పదము. లాటిను మూలముగా వచ్చినది. లాటినుకు గ్రీకు నుండి వచ్చినది. గ్రీకున దీనికి మూలమైన నామవాచకము 'బూకోలొస్'. ఆ శబ్దమునకు అర్థము పచ్చికబయలు గాదు, మంచుతెర గాదు, ప్రశాంతతయు గాదు. పసులకాపరి! అంతే. మేము అడిగిన ప్రశ్నకు సమాధానము మా తిట్టులోనే యుండెను. అర్థము తెలియని వాడని మేము నిందించిన బాలుడు ఆ యర్థమునకు నిలువెత్తు నిదర్శనమై మా యెదుట నిలువబడి, "కాసే వచ్చినా" నని సమాధానము గూడ చెప్పెను. ఆ తరగతిలో అర్థము తెలియనివారము మేమొక్కరమే.

ఇంతటితో ఊరకుండక మరికొంత తరచి చూచితిమి. 'బూకోలొస్' అనునది సమాసము. అందు పూర్వపదము 'బూస్', అనగా ఆవు, ఎద్దు. ఇది మన 'గౌః' అను శబ్దమే. సంస్కృతమున గకారమున్నచోట గ్రీకున బకారముండుట వింతగా తోచవచ్చును గాని, ఇది నియతముగా జరిగిన మార్పు. బరువైనదను నర్థమున మన 'గురు' శబ్దమునకు గ్రీకున 'బరూస్' జోడు. పోవుటను దెలుపు మన 'గమ్' ధాతువునకు 'బైనో' జోడు. ఉత్తరపదమునకు మూలమైన ధాతువు తిరుగుట, తిరుగుచు కాపాడుట అను నర్థములు గలది. అది సంస్కృతమున 'చర్' అయినది. ర-లలకు అంతగా భేదము లేదని మన వైయాకరణులును ఒప్పుకొన్నదే గదా! ఈ రెండు మెట్టులును దాటి చూచినచో గ్రీకుల 'బూకోలొస్' నకు మన 'గోచర' శబ్దము దాయాది యగుచున్నది. అవే రెండు మూలములు, అదే వరుస. గ్రీకులు ఆ సమాసముచే మనిషిని చెప్పిరి. మనవారు చోటును చెప్పిరి. గోవులు దేనియందు చరించునో అది గోచరము. ఈ శబ్దమును సాధించుటకై పాణిని మూడవ యధ్యాయమున ప్రత్యేకముగా చోటిచ్చెను. 1786లో కలకత్తాయందు సర్ విలియం జోన్సు సంస్కృత గ్రీకు లాటిను భాషలు ఏకమూలములు కావలెనని ప్రకటించినప్పుడు పండితులు ఆశ్చర్యపడిరట. ఆ చుట్టరికమునకు సాక్ష్యము చెప్పుటకు రాజులు, ఋషులు అక్కరలేదు. ఒక పసులకాపరి చాలును.

గోచరమను మాట మన భాషలో ఎంతదూరము నడచినదో చూడుడు. మొదట ఆవు మేయుచు పోగల మేర. పిమ్మట కన్ను, చెవి మొదలగు నింద్రియములు పోగల మేర. పిమ్మట బుద్ధి పోగల మేర. పరమాత్మ అగోచరుడని వేదాంతి పలుకునప్పుడు, ఆ మంద మేయు బీడు అంతవరకు సాగదని చెప్పుచున్నాడన్నమాట. పంచాంగమున గ్రహముల గోచారఫలములు చూచుకొనువారు ఆకాశమున గ్రహములను మందగా మేపుచున్నారు. వెదకిపోవుటను 'గవేషణ' మందుము. అది ఆవులను గోరి పోవుట. నేడు విశ్వవిద్యాలయములలో పట్టములకై చేయు పరిశోధన కంతకును ఆ పేరే పెట్టితిమి. పండితులు కూడి చర్చించు 'గోష్ఠి' ఆవులు నిలుచు కొట్టము. 'గవాక్షము' ఆవు కన్ను. వంశమును దెలుపు 'గోత్రము' మొదట ఆవులదొడ్డి. పరమ రహస్యమును 'గోప్య' మందుము. అందలి 'గుప్' ధాతువు సయితము గోవులను పాలించు 'గోప' శబ్దము నుండియే పుట్టినదని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కాపరివాని తలగుడ్డ విప్పి చూచినచో మన శాస్త్రపరిభాషలో సగము దాని మడతలలో నుండి రాలునట్లున్నది. అట్టి శాస్త్రములు చదివి మేము వానిని పొమ్మంటిమి!

ఇంకొక సంగతి మమ్ము మరింత సిగ్గుపరచినది. ఆ తిరిగి కాపాడు ధాతువే లాటినున 'కొలో' అయినది. దున్నుట, సాకుట, నివసించుట దాని యర్థములు. దానినుండియే 'కల్చర్' అను మాట పుట్టినది. సంస్కారము లేనివాడు పసులు కాచుకొనవలెననుట మా యభిప్రాయము గదా! పసులు కాచుటయు సంస్కారమును ఒక్క ధాతువు బిడ్డలని ఆ మాటలే చెప్పుచున్నవి. ఐర్లండు దేశపు భాషలో 'బాలుడు' అనుటకు వాడు మాట 'బుఅహల్'. అదియు పసులకాపరి యను నర్థమున మొదలైనదే. ఆ భాషలో తల్లి తన కుమారుని ముద్దుగా పిలిచినప్పుడు మేము తిట్టిన తిట్టునే పలుకుచున్నది.

ఇక, కాపరి యను నర్థము గల మాట అందమైన పల్లెయను నర్థమునకు ఎట్లు మారినది? ఇది విచారింపదగిన విషయము. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున సిసిలీ ద్వీపములోని సిరక్యూసునకు చెందిన థియోక్రిటసు కవి కాపరుల పాటలను, పందెములను, వలపులను కావ్యములుగా రచించెను. అవి చదివి యానందించినవారు అలెగ్జాండ్రియా వంటి మహానగరముల విద్వాంసులు. రెండు శతాబ్దములు గడచిన పిదప రోమను మహాకవి వర్జిలు ఆ త్రోవనే పది కావ్యములను రచించెను. వానికి 'బ్యూకాలికా' అని పేరు. వానిని తియ్యని పల్లెపాటలని తలచువారు మొదటి కావ్యమును శ్రద్ధగా చదువలేదనియే చెప్పవలెను. క్రీ.పూ. 42లో ఫిలిప్పీ యుద్ధము ముగిసిన పిమ్మట, సైనికులకు బహుమానముగా ఇచ్చుటకై ఇటలీలో పల్లెవారి భూములను లాగికొనిరి. ఆ కావ్యమున ఇద్దరు కాపరులు మాటలాడుకొందురు. ఒకనికి భూమి దక్కినది. రెండవవాడు మేకలను తోలుకొని ఊరు విడిచి పోవుచున్నాడు. పేరు పొందిన ఆ గ్రంథము తలుపు తెరచినంతనే కనబడువాడు భూమి పోయిన కాపరి.

ఇంగ్లండునను ఇట్లే జరిగినది. 1604 మొదలు 1914 వరకు అచ్చటి పార్లమెంటు అయిదువేల రెండువందలకు పైగా ఆవరణ చట్టములు చేసి, దాదాపు అరువదియెనిమిది లక్షల యెకరములకు కంచెలు వేయించెను. అది ఇంగ్లండు నేలలో అయిదవ వంతునకు కొంచెము హెచ్చు. ఆ నేలలో ఊరి బీళ్ళు చాల భాగము. బీదవాని ఆవు మేయు చోటు ధనికుని పొలములో కలిసినది. గోల్డుస్మితు 1770లో పాడుపడిన పల్లెను గూర్చి శోకించెను. క్రాబు కవి 1783లో పల్లెవారి కష్టమును పూలతో కప్పు కవులను అధిక్షేపించి, ఉన్నది ఉన్నట్లు వ్రాసెను. అయినను 'బ్యూకాలిక్' అను మాట నానాటికి అందగించుచునే వచ్చినది. బీటినుండి మనిషి వెడలిపోయినట్లే మాటనుండియు మనిషి వెడలిపోయినాడు. చోటు చిత్రపటమైనది.

ఆంగ్లమున పల్లెవానిని చెప్పు తక్కిన మాటల గతి చూచినచో ఇది మరింత స్పష్టమగును. 'విలన్' అనగా తొలుత పల్లెసీమలో భూస్వామి పొలమున పనిచేయువాడు. నేడు నాటకములలో దుష్టుడు. 'బూర్' అనగా రైతు, నేడు మోటువాడు. 'చర్ల్' అనగా సామాన్యుడైన స్వతంత్రపౌరుడు, నేడు నీచుడు. ఈ మాటలు పల్లెవాని పేరులై, వానిని దినదినము చూచుచు, పని చేయించుకొనుచు, చీదరించుకొను దొరల నోళ్ళలో నానినవి, అందుచే తిట్లయినవి. 'బ్యూకాలిక్' అట్లు రాలేదు; పుస్తకములనుండి వచ్చినది. చూడని కాపరిని గూర్చిన మాట గనుక అందముగా నిలిచినది. మన సంగతి మాత్రము వేరా? నగరమునుండి 'నాగరికత' తీసితిమి, గ్రామమునుండి 'గ్రామ్యము' తీసితిమి. జనుల నోట జీవించుచున్న తెలుగును గ్రామ్యమని పండితులు బడి వెలుపల నిలువబెట్టిన కాలమొకటి యుండెను. గిడుగు రామమూర్తి పంతులుగారు తమ జీవితమును ధారపోసి దానికి లోపల పీట వేయించిరి. మాట లోపలికి వచ్చినది. ఆ మాట యాడువాడు మాత్రము ఇంకను గడపలోనే నిలిచియున్నాడు. మేము బడిలో పల్లెయందమును వర్ణింతుము, పల్లెవానిని వెలుపలికి పొమ్మందుము. మూడేండ్లుగా మా కన్నులయెదుట కూర్చుండిన బాలుడు మాకు ఒక్కనాడును గోచరింపలేదు.

అయిదవనాడు బడి ముగిసిన పిమ్మట ఆ బాలుని వెదకుచు పోతిమి. అదియే మా మొదటి నిజమైన గవేషణ. ఊరి వెలుపల మేతపోరంబోకు ఉండెడిదట. అందు చాల భాగమునకు రాతికూసములు పాతి ముండ్లతీగ కట్టియుండిరి. దేశమున పలుచోట్ల ఊరుమ్మడి భూముల గతి యిదియే. అట్టి యాక్రమణలను తొలగింపవలెనని 2011లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రములను ఆదేశించినది. తీర్పు ఢిల్లీలో నున్నది, తీగ ఇచ్చట నున్నది. మిగిలిన బాటప్రక్క గడ్డిలో పండ్రెండు పసులు మేయుచుండెను. తాతయు మనుమడును తుమ్మచెట్టు క్రింద కూర్చుండిరి. బాలుడు మమ్ము చూచి లేచి నిలువబడెను. వృద్ధుడు తలగుడ్డ తీసి, "ఏం అయ్యవారూ, ఇంత దూరమొచ్చినారు?" అనెను.

తరగతిలో మేము పలికిన మాటను దాచక చెప్పి, తప్పు చేసితిమి, క్షమింపుమంటిమి. ఆతడు కొంతసేపు ఆలోచించి నవ్వెను. "పసులు కాసుకోమంటే తిట్టెట్లయితాది అయ్యవారూ? వానికి చేతనయిన పనే గదా. మీకంటే తిట్టు. మీకు చేతగాదు!" అనెను. మేమును నవ్వితిమి గాని, ఆ మాటలో మాకు తగులవలసినది తగిలినది. తరువాత ఆతడు, "వాడు మీ మాటకు నొచ్చుకోలే. అందరూ నవ్వినారని నొచ్చుకున్యాడు" అని మెల్లగా చేర్చెను.

సంభాషణ పెరుగుటకై మేము పసులను గూర్చి అడిగితిమి. మాకు ఆవు, ఎద్దు, దూడ అను మూడు మాటలు తెలియును. ఆ బాలుడు చేయి చాచి ఒక్కొక్కదానిని చూపుచు చెప్పసాగెను: ఇది పుల్లావు, అది మైలావు, ఆవలిది కర్రావు, ఇది పాడావు, అది చూడిది, ఆ ముసలిది వట్టిపోయినది, ఇది పెయ్య, అది కోడె, ఆ గంతులు వేయునది నిన్నటి లేగ. తరగతిలో నోరు మెదపనివాడు పండ్రెండు పసులకు పండ్రెండు వివరములు చెప్పి, ఏది నిన్న సరిగా నెమరు వేయలేదో, దేనికి నేడు గిట్ట నొచ్చినదో గూడ చెప్పెను. మేము జేబులోని కాగితమున వ్రాసికొంటిమి. వాడు తొంగిచూచి, మా చేతివ్రాతలో నొక దోషమును దిద్దెను. గురువనగా బరువైనవాడని అర్థము చెప్పుకొంటిమి గదా! ఆ సాయంకాలము మా బరువు కొంత తగ్గినది.

వాడు మరునాడే బడికి రాలేదు. మరి నాలుగు దినములకు వచ్చెను. ఆ దినమున మేము నల్లబల్లమీద 'బ్యూకాలిక్' అని మరల వ్రాసి, క్రిందటిమారు మేము చెప్పిన యర్థము అసంపూర్ణమనియు, మాకు అప్పుడు తెలియదనియు, దాని మొదటి యర్థము పసులకాపరి యనియు తరగతికి చెప్పితిమి. గోచరము, గోష్ఠి, గవేషణ మొదలగు మాటలను వ్రాసి, వానిలో ఆవు ఎక్కడ దాగియున్నదో పిల్లలచేతనే పట్టించితిమి. అంతవరకు నవ్విన పిల్లలలో నలుగురు తమ యిండ్లలోను పసులున్నవని చేతులెత్తిరి. వారు ఇంతకుముందు ఏల చెప్పలేదో మేము అడుగలేదు. ఆ కారణము మాకు తెలియును. ఆ బాలుడు ఇప్పటికిని వారమున ఒకనాడు రాడు; వచ్చినను ఒక్కొక్కప్పుడు మధ్యాహ్నపు గంటలో కునుకును. వాని యింటి కష్టము మా నిరుక్తముతో తీరునది కాదు. కునికినప్పుడు మేము లేపము. ఆ పాఠమును సాయంకాలము మరల చెప్పుదుము.

సోదరోపాధ్యాయులారా! మాటలు మనకంటె వృద్ధములు. మనము ఒకనిని తక్కువ చేయుటకై ఏ మాటను విసరుదుమో, ఆ మాటకు వెనుక మూడువేల యేండ్ల గౌరవము దాగియుండవచ్చును. మనలను గొప్పచేయుటకై ఏ మాటను ధరింతుమో, అది ఒక కాపరివాని కంబళి కావచ్చును. విసరుటకు ముందు ఒక్కమారు విప్పిచూచుట మంచిది. ఆ పాత తిట్టు మా నోట అటుపిమ్మట రెండుమారులు కొసదాక వచ్చినది. రెండుమారులును "కాసే వచ్చినా సార్" అను ఆ మెల్లని స్వరము దానికి అడ్డుపడినది. మూడవమారు వచ్చినను అట్లే యడ్డుపడుగాక యని కోరుచున్నాము.